హజ్రత్ జుబైర్ (రజి) గారి వసీయత్ - పరదేశంలో ఉన్నవారికి పాఠం

1970ల తర్వాత కడప జిల్లా నుండి కువైట్‌కు, హైదరాబాదు నుండి సౌదీకి, నిజామాబాదు, కరీంనగర్ జిల్లాల నుండి దుబాయికి మనవాళ్ళు వేల సంఖ్యలో పోయారు. ఇల్లు ఇక్కడ, జీతం అక్కడ, అప్పులు రెండు చోట్లా. అటువంటి మనిషి అక్కడే కన్నుమూస్తే లెక్కలు తేల్చేదెవరు? వీలునామా అమలు జరిపే ఆ వ్యక్తిని మనం వసీ అంటాము, కోర్టులో ఎగ్జిక్యూటర్ అంటారు. వసీ ఎట్లాంటివాడై ఉండాలో తెలుసుకోవాలంటే సహీ బుఖారీలో ఉన్న ఒక వృత్తాంతం చాలు.

హజ్రత్ జుబైర్ బిన్ అవ్వామ్ (రజి) ప్రవక్త (స) గారి మేనత్త సఫియా (రజి) కుమారులు. నివాసం మదీనా. క్రీ.శ. 656లో జమల్ యుద్ధం నాడు, ఇంటికి వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరాన, బస్రా దగ్గర ఉన్నారు. బతికి తిరిగి వెళ్ళననే అనుమానం ఆయనకు కలిగింది. కుమారుడు అబ్దుల్లాను పిలిచి, నాకున్న పెద్ద దిగులు అప్పులదేనని చెప్పి, ఆస్తి అమ్మి వాటిని తీర్చమన్నారు. మిగిలినదానిలో మూడో వంతుకు వసీయత్ చేసి, అందులో మూడో భాగం అబ్దుల్లా పిల్లలకు రాశారు. తండ్రి బతికి ఉన్నాడు గనుక ఆ మనుమలకు వారసత్వం రాదు. వసీయత్ ఉన్నది ఇట్లాంటివారి కోసమే. ఆ రోజే ఆయన చంపబడ్డారు.

వదిలిపోయిన నగదు ఏమీ లేదు. గాబా అనే భూమి, మదీనాలో 11 ఇళ్ళు, బస్రాలో 2, కూఫాలో 1, ఈజిప్టులో 1. అప్పు చూస్తే 22 లక్షలు! ఇది దుబారా వల్ల అయిన అప్పు కాదు. జనం సొమ్ము దాచమని తెస్తే, అమానత్‌గా ఉంచుకుంటే పోతుందేమోనని, అప్పుగా రాసుకొని బాధ్యత తన నెత్తిన వేసుకునేవారు.

అబ్దుల్లా ఏం చేశారో చూడండి. 1 లక్షా 70 వేలకు కొన్న గాబా భూమిని 16 లక్షలకు అమ్మారు. 4 లక్షలు రావలసిన ఒకాయన, మాఫీ చేస్తానంటే ఒప్పుకోలేదు. గడువు ఇస్తానన్నా ఒప్పుకోలేదు. ఆ బాకీ కింద భూమిలో భాగం ఇచ్చారు. తెలిసిన అప్పులన్నీ తీరాయి. ఇక మా వాటాలు పంచమని తోబుట్టువులు అడిగారు. అబ్దుల్లా పంచలేదు. నాలుగేళ్ళపాటు ప్రతి హజ్ సమయంలో, జుబైర్ ఎవరికైనా బాకీ ఉంటే వచ్చి తీసుకోండని చాటింపు వేయించారు. అన్ని దేశాల జనం కలిసే చోటు అదే గదా! ఆ తర్వాతే పంపకం జరిగింది. నలుగురు భార్యలకు ఒక్కొక్కరికి 12 లక్షలు వచ్చాయి. అప్పు, వసీయత్ తీరిన తర్వాతే వారసత్వమన్న ఖురాన్ (4:11) ఆజ్ఞ అక్షరాలా అమలైంది.

అబ్దుల్లా తానూ వారసుడే. ఆలస్యమైతే ఆయన వాటా కూడా ఆగుతుంది. అయినా తొందరపడలేదు. వసీలో మనం వెతకవలసిన గుణం ఇదే: అన్నదమ్ములు గడప దగ్గర కూర్చున్నా, ముందు అప్పులవాళ్ళ సంగతి చూడాలి అని చెప్పగల గుండె. పెద్దకొడుకైనంత మాత్రాన, బావమరిదైనంత మాత్రాన ఈ గుణం రాదు.

మన దేశంలో ముస్లిం వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి కాదు. నోటిమాటగా చేసినా చెల్లుతుంది గానీ, దూరదేశంలో ఉన్నవాడు ఇద్దరు సాక్షులతో రాసిపెట్టడమే క్షేమం. మూడో వంతు మించినా, వారసుడికే రాసినా మిగతా వారసులు ఒప్పుకోవాలి. వసీ ముస్లిమే కానక్కరలేదు, నమ్మకస్తుడైన హిందూ మిత్రుడైనా కావచ్చు. ఆస్తి ఉన్న ఊళ్ళో తిరగగలిగినవాడైతే మేలు. వద్దనే హక్కు ఆయనకు ఉన్నది గనుక ముందే అడిగి ఒప్పించాలి. ఆయనకు వీలుకాకపోతే చూసేందుకు ఇంకొకరి పేరు కూడా రాయాలి. పరదేశంలోని బ్యాంకు ఖాతాకు, రావలసిన జీతానికి అక్కడి పద్ధతి వేరు, అదీ విచారించుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఎవరికెంత ఇవ్వాలో వసీకి తెలిసి ఉండాలి. జుబైర్ (రజి) గారికి ఒక్క రోజు వ్యవధి దొరికింది, చెప్పుకున్నారు. మనకు ఆ వ్యవధి దొరుకుతుందని హామీ లేదు. సెలవు మీద ఇంటికి వచ్చిన సోదరులు తిరుగు విమానం ఎక్కేలోగా ఈ ఒక్క పని ముగించుకోవాలని మా విన్నపం. మన ఖర్జు మన పిల్లల మెడకు చుట్టుకోకుండా అల్లాహ్ కాపాడుగాక. ఆమీన్.