క్షేమ సమాచారానికి కొలత

మా హోసూరు ఇంట్లో పాత ట్రంకు పెట్టె ఒకటుంది. అందులో మా నాయనకు వచ్చిన పోస్టుకార్డులు కట్టకట్టి ఉన్నాయి. ప్రతి కార్డూ ‘ఇక్కడ మేము క్షేమం’ అని మొదలై వానల మీదుగా, రాగి పంట మీదుగా పెండ్లి సంబంధాల దాకా పోతుంది. రాసినవారు లేరు, అందుకొన్న నాయనా లేడు. అక్షరాలు మాత్రం ఉన్నాయి. ఆ కార్డుల తరువాత మన ఇండ్లకు వచ్చిన పొట్టి ఉత్తరం ఎస్సెమ్మెస్. దాని కథ కూడా మన భాష చరిత్రలో భాగమే గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

1985లో జర్మనీ ఇంజనీరు ఫ్రీడ్‌హెల్మ్ హిల్లెబ్రాండ్ టైపుమిషను మీద రకరకాల వాక్యాలు కొట్టి లెక్కపెట్టి, ఒక సందేశానికి 160 అక్షరాలు చాలునని తేల్చాడు. జనం రాసుకొనే పోస్టుకార్డులు కూడా చాలావరకు ఆ కొలత లోపలే ఉన్నాయన్నది ఆయన చూపిన ఆధారాల్లో ఒకటి. 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ తొలి సందేశంగా క్రిస్మస్ శుభాకాంక్షలు పంపాడు. మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ సంభాషణ 1995 జూలై 31న జరిగింది. మా వీధికి ఆ ఫోను రావడానికి ఇంకా కొన్నేండ్లు పట్టింది.

అయితే ఆ కొలత ఇంగ్లీషు వంటి లిపులకు సరిపోయేది. ఒక సందేశానికి ఉండే చోటు 140 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు గనుక 160 పడతాయి. యూనికోడ్‌లో పంపే తెలుగుకు ఒక్కొక్కదానికి 16 బిట్లు కావాలి గనుక 70కే చోటు నిండిపోతుంది. పైగా గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘క్షేమం’ మన కంటికి రెండక్షరాలే, ఫోను లెక్కలో ఆరు. ఇంత చేసి పంపినా, అవతలి ఫోనులో తెలుగు లేకపోతే కనబడేవి వరుసగా డబ్బాలే.

అందుచేత అందరమూ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం మరిగాము. ఆ అంకెల మీటల ఫోనులో ‘క్షేమం’ అని ఇంగ్లీషులో కొట్టాలంటే 13 నొక్కులు. అయినా కొట్టాము.

లిపి పోతున్నదని మొదట్లో నేను సణిగినవాణ్ణే. మా అక్కను కోలారుకిచ్చాము. ఆమె కొడుకు కన్నడంలో చదివాడు, నా కూతురు తమిళంలో చదివింది. ఇద్దరూ మాట్లాడేది తెలుగే, కాని ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన లిపి ఇంగ్లీషొక్కటే. అమ్మ అక్క ఇంట్లో మంచం పట్టినప్పుడు మేనల్లుడు పంపిన సందేశం ఆ అక్షరాల్లోనే వచ్చింది: ‘మామా, అవ్వ నిన్ను అడగతా ఉండాది. రాండి.’ నేను బస్సెక్కి పోయి అమ్మ కండ్లు తెరిచి ఉండగానే చూడగలిగాను. పత్రికలూ పాఠ్యపుస్తకాలూ ఎన్నడూ అచ్చువేయని మా ఇంటి మాట, ‘ఉండాది’ అన్నది, ఆ సందేశంలో ఉన్నదున్నట్టు ఉంది. ఆనాటి నుంచి సణగడం మానేశాను.

ఆ ఫోను చెడిపోయినప్పుడు సందేశమూ పోయింది. నాయన కార్డులున్నాయి, అమ్మ చివరి పిలుపు లేదు.

2016లో వచ్చిన భారతీయ ప్రమాణం ప్రకారం మన దేశంలో అమ్మే ఫోనులో 22 భాషల సందేశాలూ చదవడానికి వీలుండాలి. ఇంటర్నెట్ మీద పోయే సందేశాలకు 70 హద్దు లేనే లేదు. అంటే లెక్క అడ్డు తొలగింది. ఇక మిగిలింది పిల్లలకు అక్షరాలు రాకపోవడం, ఆ లోటు తీర్చవలసినది మన ఇండ్లలోనే.

నేనిప్పుడు కూతురికి రాసేటప్పుడు ప్రతి వాక్యం ముందు తెలుగు లిపిలో, దాని కింద ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తున్నాను. మొన్న ఆమె నుంచి ‘క్షేమం’ అన్న ఒక్క మాట తెలుగులో వచ్చింది. ఒత్తు తప్పింది. అయినా దాన్ని తేదీ వేసి నోటుపుస్తకంలో ఎత్తి రాసుకొన్నాను, ట్రంకు పెట్టెలో కార్డుల పక్కన పెట్టాను. మీ ఇండ్లలోని సందేశాలను కూడా అలా ఎత్తి రాసిపెట్టండని పాఠకులకు నా మనవి.