నిలిచిన నీరు, నడిచే నీరు: అమెరికా పెరటి ఈతకొలనుకు చలికాలం నేర్పిన పాఠాలు

అమెరికాలో పెరటి ఈతకొలను ఉన్న ఇంటివారు ఏటా సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే కార్మిక దినోత్సవం దాటగానే ఒక నిర్ణయం తీసుకోవలసి ఉంటుంది: కొలనును చలికాలానికి మూసివేయాలా, లేక వసంతం దాకా నడుపుతూనే ఉండాలా అన్నది. పైకి ఇది ఈత సరదాకు సంబంధించిన విషయంలా కనిపించినా, నీరు గడ్డకట్టే ప్రాంతాల్లో నడుపుతూ ఉంచిన కొలనులో సైతం, వేడి చేసే ఏర్పాటు ఉంటే తప్ప, ఎవరూ దిగరు. అక్కడ 'తెరిచి ఉంచడం' అంటే పంపు ఆడించి నీటిని కదిలిస్తూ ఉండడం. 'మూయడం' అంటే ఆ కదలికను ఆపి, గొట్టాల్లోని నీటిని తీసివేసి, పైన కప్పు బిగించడం. ఈ ప్రశ్నకు నిండా నూటపాతికేళ్ల చరిత్ర కూడా లేదు. కొలనులో నీరు నెలల తరబడి చెడకుండా నిలిచే ఏర్పాట్లు వచ్చిన తర్వాతే అది పుట్టింది. ఆ ఏర్పాట్లు కరెంటు మీద ఆధారపడేకొద్దీ దాని జవాబు కూడా రుతువు మీద కంటే విద్యుత్ సరఫరా మీద ఆధారపడుతూ వచ్చింది.

19వ శతాబ్దం చివర సంపన్నుల ఇళ్లలో కట్టిన తొలి కొలనులకు వడపోత గాని, క్రిమిసంహారం గాని లేవు. ఉత్తర కరోలినాలోని ఆష్‌విల్ దగ్గర జార్జ్ వాండర్‌బిల్ట్ కట్టించి 1895లో ప్రవేశించిన బిల్ట్‌మోర్ భవనపు నేలమాళిగలో 70,000 గ్యాలన్లు, అంటే సుమారు 2,65,000 లీటర్లు పట్టే కొలను ఉంది. నీటి అడుగున విద్యుద్దీపాలు అమర్చినంత ఆధునికమైన ఆ కొలనులో నీటిని శుభ్రపరిచే సాధనం మాత్రం లేకపోవడంతో కొద్ది రోజులకోసారి మొత్తం నీటిని వదిలి మళ్లీ నింపవలసి వచ్చేది. ఈ 'నింపి వదిలే' పద్ధతిలో కొలను నీటికి ఎలాగూ ఆయుష్షు కొద్ది రోజులే కనుక, ఆరుబయట ఇదే తీరున నడిచే కొలనులకు చలికాలం ప్రత్యేక సమస్య కాదు. తూము తెరిచి నీరు వదిలితే ఆ ఏటికి కొలను మూసినట్టే. దాచుకోవలసిన నీరు లేనప్పుడు దానిని దాచే ఉపాయంతో పనిలేదు.

నీటి ఆయుష్షు పెంచినవి క్లోరిన్, వడపోత యంత్రం. న్యూజెర్సీ రాష్ట్రంలోని జెర్సీ సిటీకి వెళ్లే తాగునీటిలో 1908లో క్లోరిన్ సమ్మేళనాన్ని నిరంతరం కలపడం మొదలైంది; అమెరికాలో ఒక నగరపు నీటి సరఫరాను ఈ విధంగా ఎడతెగకుండా శుద్ధి చేయడం అదే మొదలు. ఆ తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే రోడ్ ఐలండ్‌లోని బ్రౌన్ విశ్వవిద్యాలయపు ఈతకొలనులో అదే ఉపాయాన్ని ప్రయోగించారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమీబా కోశాలను తాగునీటి నుంచి వడకట్టడానికి అమెరికా సైన్యం డయాటమ్ మట్టి వాడే ఫిల్టర్లను విరివిగా ఉపయోగించింది. డయాటమ్‌లనే సూక్ష్మ నాచుజీవుల శిలాజ పెంకులతో ఏర్పడిన ఈ మెత్తని పొడి, యుద్ధం ముగిశాక ఇళ్ల కొలనుల ఫిల్టర్లలోకి చేరింది. పంపు నీటిని లాగి ఫిల్టరు గుండా తోసి, క్లోరిన్ కలిపి, మళ్లీ కొలనులోకి పంపే ఈ చక్రం వల్ల ఒకసారి నింపిన నీరు ఏళ్ల తరబడి పనికివచ్చింది. అప్పటిదాకా వచ్చిపోయే చుట్టంలా ఉన్న నీరు ఇంటి ఆస్తి అయింది. ఆస్తి అన్నాక దానికి కాపలా తప్పలేదు.

కొలను గోడ చవకగా, వేగంగా కట్టే విధానమూ 20వ శతాబ్దపు మొదటి భాగంలోనే వచ్చింది. షికాగో మ్యూజియంలో చచ్చిన జంతువుల చర్మాలకు రూపమిచ్చే పనిచేసే కార్ల్ ఏక్లీ, సిమెంటు ఇసుకల పొడి మిశ్రమాన్ని గాలి ఒత్తిడితో తోసి, గొట్టం కొన దగ్గర నీటితో కలిపి గోడ మీద చిమ్మే యంత్రాన్ని రూపొందించి 1911లో పేటెంటు పొందాడు. గనైట్ అనే వ్యాపారనామంతో ప్రసిద్ధమైన ఈ పద్ధతి, చెక్క అచ్చులు లేకుండా ఇనుప ఊచల వల మీద నేరుగా చిమ్మే వీలు కల్పించడంతో కొలను ఏ వంపునైనా తిరగగలిగింది. 1948లో కాలిఫోర్నియాలోని సొనోమా ప్రాంతంలో తోట రూపశిల్పి థామస్ చర్చ్ డొనెల్ కుటుంబానికి తీర్చిన మూత్రపిండం ఆకారపు కొలను ఆ స్వేచ్ఛకు పేరుపొందిన నిదర్శనం. చరిత్రకారుడు జెఫ్ విల్ట్సీ పేర్కొన్న లెక్క ప్రకారం 1950లో నేలలో కట్టిన కొలను ఉన్న అమెరికా కుటుంబాలు సుమారు 2,500 మాత్రమే. 1999 నాటికి ఆ సంఖ్య 40 లక్షలకు చేరింది.

ఈ పెరుగుదలకు సంపద, శివారు ఇళ్ల విస్తరణ ఎంత కారణమో, జాతి వివక్ష కూడా అంత కారణమని విల్ట్సీ వాదన. పురపాలక కొలనుల్లో నల్లజాతివారికి ప్రవేశం కల్పించవలసి వచ్చినప్పుడు తెల్లవారు అనేకచోట్ల ఆ కొలనులను విడిచి ప్రైవేటు క్లబ్బులకు, సొంత పెరళ్లకు తరలిపోయారు. మిసిసిపీ రాజధాని జాక్సన్ నగరపాలకులు అందరినీ కలిపి ఈదనివ్వడం కంటే మేలని ప్రజా కొలనులను మూయించివేశారు. 1971లో పామర్ వర్సెస్ థాంప్సన్ కేసులో సుప్రీంకోర్టు ఆ మూతను ఐదుగురి మొగ్గుతో, నలుగురి అసమ్మతితో సమర్థించింది. వీధి చివర కొలను రుతువుతో నిమిత్తం లేకుండా మూతపడుతున్న రోజుల్లోనే పెరటి కొలనును రుతువుననుసరించి మూసి తెరిచే ఇంటి ఆచారం స్థిరపడడం ఈ చరిత్రలోని చేదు వైపు.

ఆ ఆచారానికి మూలం నీటి స్వభావం. నీరు 4 డిగ్రీల సెల్సియస్ వద్ద అత్యంత సాంద్రంగా ఉండి, అంతకంటే చల్లబడితే తేలికై పైకి చేరుతుంది. అందువల్ల కొలను పై నుంచి గడ్డకడుతుందే తప్ప అడుగు నుంచి కాదు. గడ్డకట్టేటప్పుడు ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. విశాలమైన కొలనులో ఆ పెరుగుదలకు కొంత చోటు దొరుకుతుంది గాని, వేలెడు వెడల్పు గొట్టంలో, పంపు ముందుండే జల్లెడ కుండలో, ఫిల్టరు తొట్టెలో, నీటిని వేడిచేసే రాగి చుట్టలో దొరకదు. మంచు అటూ ఇటూ దారి మూసివేయగా మధ్య చిక్కుకున్న నీటి ఒత్తిడికి ప్లాస్టిక్కూ లోహమూ పగులుతాయి. కనుక చలికాలంలో ప్రమాదం కొలనుకంటే కొలను యంత్రాలకే ఎక్కువ.

న్యూ ఇంగ్లండ్ నుంచి మధ్య పశ్చిమ రాష్ట్రాల దాకా కొలను మూసే పని ఈ ప్రమాదాన్ని తొలగించేలా వరుసగా సాగుతుంది. ముందుగా ఆకులు తీసి, గోడలు రుద్ది, నాచు పుట్టకుండా మందులు కలుపుతారు. ఆ తర్వాత నీటి మట్టాన్ని స్కిమ్మర్ నోటికి దిగువకు దించుతారు. స్కిమ్మర్ అంటే తేలే ఆకులను, పురుగులను పీల్చుకోవడానికి గోడ పైభాగంలో అమర్చిన చదరపు గూడు. పంపుకు, ఫిల్టరుకు అడుగున ఉండే మరలు విప్పి వాటిలోని నీటిని కార్చివేసి, గాలి యంత్రాన్ని గొట్టానికి తగిలించి ఊదితే, కొలను గోడలోని రంధ్రాల దగ్గర మొదట నీరు ఎగజిమ్మి, క్రమంగా వట్టి బుడగలు మిగులుతాయి. బుడగలు కనబడగానే ఒకరు ఆ రంధ్రంలో రబ్బరు బిరడా దూర్చి మర బిగిస్తారు. నీరు మిగిలి ఉంటుందని అనుమానమున్న గొట్టంలో విషం కాని ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రవాన్ని పోస్తారు. అది గడ్డకట్టే ఉష్ణోగ్రతను కిందికి దించుతుంది. స్కిమ్మర్ గూటిలో బోలు ప్లాస్టిక్ గొట్టాన్ని నిలిపి ఉంచితే, అక్కడ మంచు కట్టినా గోడను కాక ఆ బోలునే నొక్కుతుంది. చివరగా చుట్టూ గచ్చులో దిగగొట్టిన ఇత్తడి మేకులకు స్ప్రింగులతో బిగువుగా లాగి కప్పు కడతారు. పిల్లలు జారిపడకుండా ఆపగల కప్పులకు 1991లో అమెరికా పరీక్షా ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం కనీస బలం నిర్ణయించింది.

ఇంత శ్రమపడే బదులు కొలనును పూర్తిగా ఖాళీ చేస్తే చాలదా అన్నది సహజమైన ప్రశ్నే. భూగర్భజలం పైకి ఉన్నచోట ఖాళీ కొలను పడవ వంటిది: లోపలి నీటి బరువు తొలగగానే కింది నీరు దానిని పైకి ఎత్తివేస్తుంది, అంతలావు కాంక్రీటు తొట్టె కూడా నేలలోంచి లేచి పగులుతుంది. వినైల్ షీటు పరిచిన కొలనుల్లో నీటి ఒత్తిడి పోగానే ఆ షీటు ముడుచుకొని మళ్లీ సరిగా అతకదు. అందువల్ల 'నింపి వదిలే' కాలపు సులువైన పరిష్కారం కొత్త కొలనుకు ప్రమాదకరమైంది. నీరు లోపల ఉండాలి, గొట్టాల్లో ఉండకూడదు అన్నదే ఉత్తరాదివారి సూత్రం.

ఫ్లోరిడా, అరిజోనా, దక్షిణ కాలిఫోర్నియాలలో ఈ సూత్రంతో పనిలేదు. అక్కడ కొలను ఏడాది పొడవునా నడుస్తుంది. చిక్కంతా మధ్యనున్న చోట్లది: డాలస్, అట్లాంటా వంటి నగరాల్లో గడ్డకట్టే రాత్రులు వస్తాయి గాని కొద్ది రోజుల్లో పోతాయి. అక్కడివారు మూతను కాక కదలికను నమ్ముకున్నారు, ఎందుకంటే పారే నీరు నిలిచిన నీటి కంటే ఆలస్యంగా గడ్డకడుతుంది. పైగా కొలనులోని పెద్ద నీటి రాశి దాచుకున్న వెచ్చదనం కొంత గొట్టాల్లోకి వస్తూ ఉంటుంది. గాలి ఉష్ణోగ్రత సున్నాకు మూడు నాలుగు డిగ్రీల ఎగువకు దిగగానే పంపును దానంతటదే ఆడించే ఉష్ణమాపక మీటను 'ఫ్రీజ్ గార్డ్' అంటారు. దాంతోపాటు చల్లని నీటిలో నాచు నెమ్మదిగా పెరగడం వల్ల మందుల ఖర్చు తగ్గడం, వసంతంలో పాకుడు పట్టిన కొలనును కడిగే బాధ లేకపోవడం, మూసి తెరిచేవారికి కూలి ఇవ్వనక్కర్లేకపోవడం ఈ పద్ధతికి బలమయ్యాయి.

ఈ లెక్కను విద్యుత్ ధర మార్చుతూ వచ్చింది. 1973 చమురు సంక్షోభం తర్వాత కొలనును వేడిచేసి చలికాలంలో ఈదడం ఖరీదైన వ్యవహారమైంది. కొలను కోల్పోయే వేడిలో సుమారు 70 శాతం నీరు ఆవిరవడం వల్లనే పోతుందని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది కాబట్టి కప్పు ప్రాధాన్యం పెరిగింది. ఆ తర్వాత పంపే మారింది. పంపు వేగాన్ని సగానికి తగ్గిస్తే అది లాగే విద్యుత్ శక్తి సిద్ధాంతరీత్యా ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఈ సూత్రం మీద వచ్చిన వేగం మార్చుకునే పంపులు నీటిని నెమ్మదిగా రాత్రింబవళ్లు తిప్పడాన్ని చవక చేశాయి. 2021 జూలై 19 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సామర్థ్య నిబంధనతో ఇవే పెరటి కొలనులకు మామూలయ్యాయి.

ఆ నిబంధనకు ఐదు నెలల ముందే కదలికను నమ్మిన పద్ధతికి అగ్నిపరీక్ష ఎదురైంది. 2021 ఫిబ్రవరి 15 తెల్లవారుజామున టెక్సస్ విద్యుత్ వ్యవస్థ కుప్పకూలకుండా ఆపడానికి సరఫరా కోతలు మొదలయ్యాయి. లక్షలాది ఇళ్లు చీకట్లో మునిగాయి. మరునాడు డాలస్ - ఫోర్ట్‌వర్త్‌లో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. మీట పంపును ఆడమన్నా ఆడించే కరెంటు లేదు. ఆగిన గొట్టాల్లో నీరు గడ్డకట్టి పంపులు, ఫిల్టర్లు పగిలిపోగా, విడిభాగాల కోసం నెలల తరబడి వేచి ఉండవలసి వచ్చింది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ శివార్లూ ఆ చలి పరిధిలోనివే. కుళాయిలు ఎండిన ఇళ్లవారు కొలను మీది మంచు పెచ్చులు పగలగొట్టి బకెట్లతో నీళ్లు ముంచి మరుగుదొడ్లలో పోసుకున్నారు; విలాసానికి తవ్విన కొలను ఆ నాలుగు రోజులు ఇంటి చెరువైంది.

అదే వారం ఉత్తరాన, గొట్టాలు ఖాళీ చేసి కప్పు కట్టిన కొలనులకు కరెంటు ఉన్నా పోయినా తేడా లేదు. వాటి రక్షణ ఖాళీలో ఉంది. టెక్సస్ కొలనుల రక్షణ కదలికలో ఉంది, ఆ కదలిక ఎక్కడో దూరాన ఉన్న విద్యుత్ కేంద్రం చేతిలో ఉంది. అయినా కొద్ది రాత్రుల చలి కోసం ఏటా మూయడం అక్కడ ఆచారం కాలేదు. కరెంటు పోగానే స్విచ్చు కట్టివేసి, పంపుకూ ఫిల్టరుకూ అడుగునున్న మరలు చేత్తో విప్పి నీటిని నేల మీదికి వదలాలన్నది కొలను పనివారు చెప్పే జాగ్రత్త. వడపోత, క్లోరిన్, మీట, వేగం మార్చే పంపు అన్నీ వచ్చిన తర్వాత కూడా చిట్టచివరి ఉపాయం బిల్ట్‌మోర్ కాలపు పనివాడు చేసినదే: తూము తెరవడం.