ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్: ‘బైక్’ అంటే పల్సర్ కాదు.. సైకిల్ ప్రశ్నకు ఇలా జవాబు చెప్పండి

ఫారిన్ చదువుల కోసం ఐఈఎల్‌టీఎస్‌కు ప్రిపేర్ అవుతున్నారా? స్పీకింగ్ టెస్టులో ఎగ్జామినర్ ‘డిడ్ యూ హ్యావ్ ఏ బైక్ వెన్ యూ వర్ యంగ్?’ అని అడిగితే ఏం చెబుతారు? నల్గొండలో అయినా, మహబూబ్‌నగర్‌లో అయినా మనకు బైక్ అంటే బండి. వెంటనే స్ప్లెండరో, పల్సరో గుర్తొస్తుంది. ‘నో, ఐ డిడ్ నాట్ హ్యావ్ లైసెన్స్’ అని మొదలుపెడితే జవాబు దారి తప్పినట్టే. అక్కడ అడిగింది సైకిల్ గురించి. బ్రిటిష్ ఇంగ్లీష్‌లో బైక్ అంటే సైకిల్ అని కూడా అర్థం. చిన్నప్పటి బైక్ అంటే దాదాపు ఎప్పుడూ అదే. బండి గురించి చెప్పాలంటే ‘మోటార్‌బైక్’ అనండి.

అనుమానం వస్తే ఊహించుకుని చెప్పొద్దు. ‘కుడ్ యూ రిపీట్ ద క్వశ్చన్, ప్లీజ్?’ అని అడగొచ్చు. ఒకసారి అడిగినంత మాత్రాన బ్యాండ్ తగ్గదు.

టెస్ట్ ఎలా ఉంటుంది?

స్పీకింగ్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మూడు భాగాలు ఉంటాయి.

• పార్ట్ 1: మీ ఊరు, చదువు, అలవాట్లపై చిన్న ప్రశ్నలు. 4-5 నిమిషాలు.
• పార్ట్ 2: క్యూ కార్డ్ ఇస్తారు. ఆలోచించుకోవడానికి 1 నిమిషం, మాట్లాడటానికి 1-2 నిమిషాలు.
• పార్ట్ 3: అదే టాపిక్‌పై లోతైన చర్చ. 4-5 నిమిషాలు.

ఆగకుండా పొందికగా మాట్లాడటం, పదాలు, గ్రామర్, ఉచ్చారణ.. ఈ నాలుగింటికీ సమాన వెయిటేజీ.

అర బ్యాండ్ ఎంత ముఖ్యం?

లిజనింగ్ 7, రీడింగ్ 6.5, రైటింగ్ 6, స్పీకింగ్ 5.5 వచ్చాయనుకోండి. సగటు 6.25. రౌండ్ చేస్తే ఓవరాల్ 6.5. బాగానే ఉంది కదా! కానీ చాలా యూనివర్సిటీలు ప్రతి సెక్షన్‌లోనూ కనీసం 6 ఉండాలంటాయి. అంటే ఒక్క స్పీకింగ్ వల్ల అప్లికేషన్ ఆగిపోతుంది. కంప్యూటర్‌పై రాసినవాళ్లకు, ఆ సదుపాయం ఉన్న సెంటర్లలో, 60 రోజుల్లోపు ఒక్క సెక్షన్ మాత్రమే మళ్లీ రాసే అవకాశం ఉంది. దానికి ఫీజు మళ్లీ కట్టాల్సిందే.

తెలుగులో ఆలోచిస్తే వచ్చే తప్పులు

‘రోజూ సైకిల్ మీద వెళ్తాను’, ‘రేపు సైకిల్ మీద వెళ్తాను’.. తెలుగులో రెండింటికీ ‘వెళ్తాను’ సరిపోతుంది. అందుకే ఇంగ్లీష్‌లో అలవాటు చెప్పేటప్పుడు కూడా ‘డైలీ ఐ విల్ గో’ అనేస్తాం. అలవాటుకు ‘ఐ గో ఎవ్రీ డే’ అనాలి. ఇంకొన్ని చూడండి:

• ‘ఐ యామ్ హ్యావింగ్ ఏ సైకిల్’ కాదు.. ‘ఐ హ్యావ్ ఏ బైక్’
• ‘ఐ లర్న్‌డ్ సైకిల్’ కాదు.. ‘ఐ లర్న్‌డ్ టు రైడ్ ఏ బైక్’
• చిన్నప్పుడు తొక్కేవాణ్ని, తొక్కేదాన్ని అనడానికి.. ‘ఐ యూజ్డ్ టు రైడ్’
• చైన్ పడిపోయింది.. ‘ద చైన్ కేమ్ ఆఫ్’
• గాలి కొట్టాను.. ‘ఐ పంప్డ్ అప్ ద టైర్స్’
• వెనక ఎక్కించుకున్నాను.. ‘ఐ గేవ్ హిమ్ ఏ రైడ్ ఆన్ ద బ్యాక్’

జవాబు ఎలా పెంచాలి?

పార్ట్ 1లో ‘యెస్, ఐ హ్యాడ్’ అని ఆపేస్తే ఎగ్జామినర్‌కు వినడానికి ఏమీ మిగలదు. అలాగని ఉపన్యాసం అక్కర్లేదు. రెండు మూడు వాక్యాలు చాలు. సూటిగా జవాబు, మీ సొంత వివరం ఒకటి, ఇప్పటి పరిస్థితి ఒక ముక్క. ఉదాహరణకు:

‘యెస్, ఐ డిడ్. ఇట్ వాజ్ మై అంకుల్స్ ఓల్డ్ బైక్ అండ్ ఇట్ వాజ్ టూ బిగ్ ఫర్ మీ, సో ఐ యూజ్డ్ టు రైడ్ ఇట్ విత్ వన్ లెగ్ అండర్ ద క్రాస్‌బార్. నౌ ఐ హార్డ్లీ ఎవర్ సైకిల్.’

సీటు అందక కడ్డీ కింద నుంచి కాలు పెట్టి తొక్కడం మన ఊళ్లలో చాలామందికి తెలిసిందే. ఇలాంటి వివరం మీ నోటి నుంచి తడబడకుండా వస్తుంది. పుస్తకంలోంచి బట్టీ పట్టిన ‘సైకిల్ ఆరోగ్యానికి మంచిది, కాలుష్యం తగ్గుతుంది’ లాంటి జవాబును ఎగ్జామినర్ ఇట్టే పసిగడతారు.

క్యూ కార్డ్ వస్తే ఆ ఒక్క నిమిషంలో పూర్తి వాక్యాలు రాయొద్దు. ఎవరు నేర్పారు, ఎక్కడ, పడ్డారా, ఇప్పుడేమనిపిస్తోంది.. నాలుగు మాటలు రాసుకోండి చాలు.

పార్ట్ 3లో మీ కథ కాదు

ఇక్కడ ‘సైకిల్ వాడకం ఎందుకు తగ్గుతోంది?’ లాంటి ప్రశ్నలు వస్తాయి. మన దగ్గరి కారణాలే చెప్పండి. ఊరి నుంచి టౌన్‌కు దూరం, నల్గొండలో మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ, హైవేపై లారీల భయం. రెండో వైపు కూడా చెబితే జవాబుకు బలం వస్తుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ పక్కన 2023 అక్టోబర్‌లో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ మంచి ఉదాహరణ. ఎండకు నీడ, బండ్లకు దూరం.. రెండు సమస్యలకూ అది ఒక సమాధానం. మరి అలాంటిది పల్లె నుంచి స్కూల్‌కు వెళ్లే దారిలో ఉందా? ఈ మాట ఒక్కటి కలిపితే చర్చ మొదలైనట్టే.

యాస గురించి టెన్షన్ వద్దు

మన యాస ఉన్నా నష్టం లేదు, మాట స్పష్టంగా అర్థమైతే చాలు. ఫారిన్ యాస తెచ్చిపెట్టుకోవద్దు. కానీ కొన్ని సరిచేసుకోవాలి. ‘బైసైకిల్’ కాదు, ‘బైసికల్’.. మొదటి ‘బై’ని ఒత్తి పలకాలి. ‘వెహికిల్’ కాదు, దాదాపు ‘వీయకల్’. ‘బైకు’, ‘రోడ్డు’ అని చివర ‘ఉ’ తగిలించే అలవాటు ఇంగ్లీష్ మాట్లాడేటప్పుడు వదిలేయాలి.

రోజూ 10 నిమిషాలు కేటాయించండి. ఒక ప్రశ్నకు జవాబు ఫోన్‌లో రికార్డ్ చేయండి. విని, ‘విల్’ ఎన్నిసార్లు తప్పుగా వాడారో, ఎక్కడ ఆగిపోయారో లెక్కపెట్టండి. మళ్లీ రికార్డ్ చేయండి. రెండో రికార్డింగ్‌లో తేడా మీకే వినిపిస్తుంది.