కెరటం కాదన్నవాడి కొలతలు

వెలుగు కెరటం పొడవెంతో మొదట లెక్క తేల్చినవాడు థామస్ యంగ్ అనే లండన్ వైద్యుడు. 1801 నవంబరులో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, రాయల్ సొసైటీ సభ్యుల ముందు ఆ సంగతి చెప్పాడు. తన లెక్కకు ఆయన ఆధారం చేసుకున్న కొలతలు మాత్రం న్యూటన్‌వి. వెలుగు కెరటమంటే బొత్తిగా ఒప్పుకోని న్యూటన్‌వి!

పధ్నాలుగు అడుగుల టెలిస్కోపు కోసం చేసిన కటకాన్ని, చదును వైపు కిందికి వచ్చేలా, యాభై అడుగుల టెలిస్కోపు కటకం మీద పెట్టాడు న్యూటన్. రెండూ తాకిన చోట నల్లచుక్క, దాని చుట్టూ రంగుల వలయాలు. వాన వెలిశాక రోడ్డు మీద ఆయిల్ మరకలో కనిపించే రంగుల్లాంటివే. గాజుల మధ్య గాలి సందు బయటికి పోయేకొద్దీ పెరుగుతుంది, కానీ అందులో ఏ పరికరమూ దూరదు. అందుకని ఆయన వలయం వ్యాసం కొలిచాడు. దాన్ని వర్గం చేసి, కింది గాజు వంపు వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగిస్తే అక్కడి సందు వచ్చేస్తుంది. పసుపు వెలుగుకు మొదటి నల్ల వలయం దగ్గర అది అంగుళంలో 89,000వ వంతు. రెండో నల్ల వలయం దగ్గర దానికి రెట్టింపు, మూడో దగ్గర మూడింతలు.

ఇంత క్రమం చేతిలో ఉండి కూడా, వెలుగు కణాలకు విడతలు విడతలుగా ఊపు వస్తుందనీ, ఒక ఊపులో గాజు దాటిపోతాయనీ, మరో ఊపులో వెనక్కి తిరుగుతాయనీ 1704 నాటి ‘ఆప్టిక్స్’లో రాసుకొచ్చాడు. కెరటం గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడనిపిస్తుంది.

యంగ్ ఆ గుమ్మం దాటాడు. పైగాజు అడుగు నుంచీ, కింది గాజు పైముఖం నుంచీ తిరిగొచ్చే వెలుగులు రెండూ కలుస్తాయి. ఒకదాని మిట్ట రెండోదాని పల్లంలో పడితే అక్కడ చీకటి. కింది నుంచి వచ్చే వెలుగు సందును రానూపోనూ దాటాలి కనుక, ఒక నల్ల వలయం నుంచి మరో నల్ల వలయానికి సందు సరిగ్గా అర కెరటం పెరుగుతుంది. అంటే న్యూటన్ అంకెను రెట్టిస్తే చాలు: అంగుళంలో 44,500వ వంతు, ఇప్పటి కొలతలో 571 నానోమీటర్లు. పసుపు వెలుగుకు నేటి పరికరాలు చూపేదీ ఆ దాపుల్లోనే. ఎరుపు చివర 0.0000266 అంగుళం, ఊదా చివర 0.0000167 అని యంగ్ పట్టిక కూడా వేశాడు.

మెచ్చుకోళ్లు రాలేదు సరికదా, ‘ఎడిన్‌బరో రివ్యూ’లో హెన్రీ బ్రూమ్ చీల్చి చెండాడాడు. యంగ్ జవాబుగా చిన్న పుస్తకం అచ్చేస్తే ఒక్క ప్రతి అమ్ముడుపోయిందట. ఇరవై ఏళ్లకు జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సన్నని తీగలను పక్కపక్కనే బిగించిన జాలీతో, న్యూటన్ అంకెల అవసరమే లేకుండా కెరటాన్ని కొలిచాడు. సూర్యకాంతిలోని పసుపు గీతకు ఆయనకు వచ్చిన విలువ దాదాపు 589 నానోమీటర్లు. ఇప్పటి పాఠ్యపుస్తకాల్లోనూ అదే ఉంది.