వృత్తి ఆరోగ్య పరిశోధన: నాణ్యత

పనికీ రోగానికీ ఉన్న సంబంధాన్ని ఒక అధ్యయనం ఎంత నమ్మదగ్గట్టుగా తేల్చగలదో, అదే వృత్తి ఆరోగ్య పరిశోధన నాణ్యత. ఉదాహరణకు, భారతదేశంలో సిలికోసిస్ తొలిసారి 1947లో, మైసూరు రాజ్యంలోని కోలారు బంగారు గనుల్లో నమోదైంది. రాతి ధూళి పీల్చిన ఊపిరితిత్తుల్లో ఈ జబ్బు కనిపించడానికి తరచూ పదేళ్లకు పైగా పడుతుంది. అందుకే నేటి హాజరుపట్టీలోని వారిని మాత్రమే పరీక్షిస్తే లెక్క తప్పుతుంది. ఆయాసంతో పని మానేసినవారు ఆ పట్టీలో ఉండరు, తట్టుకున్నవారే మిగులుతారు. దీన్ని ఆరోగ్యవంత శ్రామిక ప్రభావం అంటారు. ఎక్స్‌రే చదవడంలోనూ వైద్యుడికీ వైద్యుడికీ తేడా వస్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రామాణిక ఫిల్ములు, 0/- నుంచి 3/+ వరకు 12 మెట్ల కొలమానం ఆ తేడాను తగ్గించడానికి వచ్చినవే.

చిక్కబళ్లాపుర జిల్లాలో సమస్య మరో రూపంలో ఉంటుంది. అక్కడి శిడ్లఘట్టలో పట్టుగూళ్లను వేడినీళ్లలో ఉడికించి దారం తీసేవారి చేతులు గంటల తరబడి నానుతాయి. ఆవిరి, పొగ, పట్టుపురుగు ప్రొటీన్ ఒకే గదిలో కలుస్తాయి. వీటిలో ఏది వారి ఉబ్బసానికి కారణమో చెప్పాలంటే గాలిని విడిగా కొలవాలి, పొగతాగడం, ఇంటి పొయ్యి పొగ లెక్కలోకి తీసుకోవాలి. చిన్న షెడ్లలో ఇంత కొలత సాధ్యం కాదన్నది తరచూ వినిపించే అభ్యంతరం. అది కొంతవరకు నిజమే. అయినా ఎవరు ఏ పని ఎన్నేళ్లు చేశారో రాయడానికి యంత్రం అక్కర్లేదు. పని మానినవారిని ఇంటికి వెళ్లి కలవడానికీ అంతే.