చత్వారము – కండ్లజోడు

"నాయనా, ఈ సూదిలో దారము కాస్త ఎక్కించిపెట్టు" అని అవ్వ మనుమని పిలుచుట మనమందరము వినినదే. నలువదియేండ్లు దాటిన పిమ్మట వచ్చు ఈ చూపు మాంద్యమునే మనవారు చత్వారమనిరి. ఇది రోగము కాదు. వయస్సుతో కంటిలోని కటకము బిరుసెక్కి, దగ్గరి వస్తువునకు తగినట్లు ఉబ్బజాలకపోవుటయే దీనికి కారణము. కుంభాకారపు అద్దముల జత యొకటి చాలును, ఆ లోటు తీరును.

ఆ అద్దములు నిన్న మొన్నటివి కావు. 1306లో ఫ్లారెన్సు నగరమున జోర్డానో అను క్రైస్తవ సన్న్యాసి ఉపన్యసించుచు, కండ్లజోడు చేయు విద్య పుట్టి యింకను ఇరువదియేండ్లు కాలేదని చెప్పెను. ఇటలీలోనే త్రెవీసో పట్టణమున 1352లో తొమ్మాజో ద మోదేనా రచించిన గోడచిత్రములలో ఒక కార్డినలు ముక్కుపై అద్దములుంచుకొని వ్రాయుచు కనబడును. మన విజయనగరమునను ఇట్టి సాక్ష్యము కలదు. సోమనాథకవి సంస్కృతమున రచించిన వ్యాసయోగిచరితములో, వ్యాసరాయలవారు కన్నులకు అద్దములుంచుకొని గ్రంథపఠనము చేయుచుండిరని వర్ణితమైనది. పూనాలోని పి. కె. గోడే పండితుడు ఈ విషయమును లోకమునకు చాటెను. వ్యాసరాయలు 1539లో పరమపదించిరి.

సన్న్యాసి, కార్డినలు, యతి – వీరందరును చదువరులే. ముద్రణయంత్రము వచ్చిన పిదప చదువరులు పెరిగిరి, వారితోపాటు అద్దములును పెరిగినవి. కండ్లజోడు పుస్తకమునకు తోబుట్టువు అను భావము నాటినుండియే లోకమున పాతుకొనినది.

ఆ భావము నేటికిని చెరగలేదు. కార్యక్రమములకై పల్లెలకు పోయినపుడు, "అద్దములేల పెట్టుకొనలేదమ్మా?" అని మేము అడిగితిమి. "చదువురాని దానికి అద్దాలెందుకు బాబూ?" అనునదే పలుమారు మాకు లభించిన సమాధానము. కాని ఆ తల్లి చేటలో బియ్యపు రాళ్లేరవలెను, చినిగిన రవిక కుట్టవలెను, మనుమని కాలిలోని ముల్లు తీయవలెను. వీనిలో ఏది దగ్గరి చూపు లేక జరుగును? చూపు తగ్గినకొలది ఒక్కొక్క పనియే ఆమె చేజారును. ఇంటివారు దానిని ముసలితనమని సరిపెట్టుకొందురు.

ఈ నష్టమును తూచి చూపిన పరిశోధన యొకటి 2018లో వెలువడినది. అస్సాము తేయాకు తోటలలో నలువదియేండ్లు దాటిన 751 మంది కూలీలలో సగము మందికి మొదటనే అద్దములిచ్చిరి. మిగిలినవారికి పరిశోధన ముగిసిన పిదప ఇచ్చిరి. మొదట పొందినవారు కోసిన ఆకు, రెండవ వర్గము వారికంటె సుమారు 22 శాతము అధికముగా పెరిగెను. ఆకు కోయుటకు అక్షరము అక్కరలేదు, చూపు కావలెను.

ప్రపంచమున 82 కోట్ల 60 లక్షలమంది తగిన అద్దములు లేక దగ్గరి చూపునకు ఇబ్బందిపడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించినది. తెలంగాణమున 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశమున 2019 అక్టోబరులో, కంటివెలుగు పేర ప్రభుత్వములు పరీక్షలు జరిపి అద్దములు పంచినవి. అది మంచి పని. అయితే చత్వారము ఏటికేడు ముదురును, అద్దము గీతలుపడును, విరుగును. కనుక ఒక్కమారు పంచుటతో తీరునది కాదు. ఊరికి చేరువలో పరీక్ష చేయువారును, అద్దములమ్ము అంగడియును నిలిచియుండవలెను.

పాఠకులు తమ యింటి పనికత్తెను, పొలము కూలిని ఒక్కమారు అడిగి చూడవలెనని మా మనవి. విజయనగరమున యతీశ్వరుని గ్రంథమునకు చేరిన అద్దము, ఐదువందల యేండ్లకైనను ఆ తల్లి చేటను చేరవలదా?