ఆటు చూసి దూకే ఈత

ఉత్తర కోల్‌కతాలో అహిరిటోలా ఘాట్ మెట్ల మీద కూర్చుని హుగ్లీ నదిని కాసేపు ఊరికే చూడండి. నీళ్ల మీద గుర్రపుడెక్క గుత్తులు తేలుతూ ఎగువకు పోతుంటాయి. సముద్రం ఉన్నది దక్షిణాన. గుత్తులు వెళ్తున్నది ఉత్తరానికి. గోదావరి గట్టునో కృష్ణ ఒడ్డునో పెరిగినవాళ్లకు మొదట కళ్లు మోసం చేస్తున్నాయేమో అనిపిస్తుంది. ఇంకొంచెంసేపు ఆగితే ఆ గుత్తులు నడినీట నిలబడిపోతాయి. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి హౌరా వంతెన వైపు సాగుతాయి. వంద కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న బంగాళాఖాతం రోజుకు రెండుసార్లు ఈ నగరం దాకా ఊపిరి పీల్చి వదులుతుందన్నమాట. పోటును ఇక్కడ జోయార్ అంటారు, ఆటును భాటా అంటారు. పోటు వడిగా వచ్చి తొందరగా ముగుస్తుంది. ఆటు ఎక్కువసేపు సాగుతుంది.

కోల్‌కతాలో దూరపు ఈత పుట్టుక ఈ ఆటుపోట్లలోనే ఉందని నా నమ్మకం. చరిత్ర చెప్పేవాళ్లు క్లబ్బులతో, పతకాలతో మొదలుపెడతారు. నాకు మాత్రం ఘాట్ మెట్లే మొదలు అనిపిస్తుంది. ఒంటికి ఆవనూనె పట్టించుకుని, మూడు మునకలు వేసి, ఆ పైన కాస్త లోపలికి ఈదే అలవాటు ఇక్కడ తరాల నాటిది. ఈదేవాడు ముందు నేర్చుకునేది చేతులు ఆడించడం కాదు, నీరు ఎటు నడుస్తోందో పసిగట్టడం. ఆటు మొదలయ్యాక నీళ్లలో దిగితే నది తనే మోసుకుపోతుంది. పోటుకు ఎదురు దిగితే ఎంత ఈదినా ఎదురుగా కనిపించే గుడి శిఖరం అక్కడే ఉంటుంది. అమావాస్య, పున్నమి దగ్గర్లో ఒక్కోసారి పోటు గోడలా లేచి వస్తుంది. దాన్ని బాన్ అంటారు. ఆ వేళకు పడవవాళ్లు ఒడ్డున కట్టిన పడవలు విప్పి నడినదికి తీసుకుపోతారు. ఒడ్డు కంటే లోతే క్షేమమని వాళ్లకు తెలుసు.

నదిలో నేర్చింది చెరువుల్లో క్రమశిక్షణగా మారింది. నగరం మధ్యలో తవ్వించిన కాలేజీ స్క్వేర్, హేదువా లాంటి కోనేళ్ల చుట్టూ ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈత క్లబ్బులు లేచాయి. గడియారం, దూరం కొలిచే తాడు, శిక్షకుడి కేక అక్కడ వచ్చి చేరాయి. చెరువులో ప్రవాహం ఉండదు కాబట్టి అక్కడి పరీక్ష ఓర్పుదే. ప్రఫుల్ల కుమార్ ఘోష్ అనే బెంగాలీ 1933లో రంగూన్ సరస్సులో 79 గంటలకు పైగా నీళ్లలోంచి బయటికి రాకుండా ఈదారు. అంటే మూడు పగళ్లు, మూడు రాత్రులు దాటి! ఆ రోజుల్లో ఆయన పేరు బెంగాల్లో ఇంటింటా వినబడింది.

నగరపు నది నుంచి సముద్రానికి నడిచిన దారి కోల్‌కతాదొక్కటే కాదు. 1875లో ఇంగ్లిష్ ఛానల్‌ను ఈది దాటిన మొదటి మనిషి మాథ్యూ వెబ్ కూడా అంతకు ముందు నెల థేమ్స్ నదిలోనే, బ్లాక్‌వాల్ నుంచి గ్రేవ్‌జెండ్ వరకు దాదాపు 20 మైళ్లు ఈది తన బలం చూసుకున్నాడు. థేమ్స్ కూడా ఆటుపోట్ల నదే. అదే ఏడు సెప్టెంబరులో ఆగ్నెస్ బెక్‌విత్ అనే పద్నాలుగేళ్ల పిల్ల లండన్ బ్రిడ్జి నుంచి గ్రీనిచ్ దాకా ఈదింది. ఒడ్డుల మీద జనం కిక్కిరిసి చూశారు.

ఇక మన వైపు చూస్తే 1958 ముఖ్యమైన ఏడు. ఆ ఆగస్టులో బ్రజేన్ దాస్ ఛానల్ దాటారు. ఆసియావాసుల్లో మొదటివారు ఆయనే. పుట్టింది ఢాకా దగ్గరి బిక్రంపూర్‌లో, చదివింది కోల్‌కతా విద్యాసాగర్ కాలేజీలో. ఛానల్‌కు సాధనగా ఆయన నారాయణ్‌గంజ్ నుంచి చాంద్‌పూర్ దాకా తూర్పు బెంగాల్ నదుల్లో ఈదారు. సెప్టెంబరు 27న మిహిర్ సేన్ దాటారు. భారతీయుల్లో మొదటివారు. నేను చెబుతున్న ఘాట్ కథకు ఆయన లొంగరు, అది ఒప్పుకోవాలి. పురూలియాలో పుట్టి, బారిస్టరు చదువుకు లండన్ వెళ్లి, అక్కడే సరైన ఈత నేర్చుకుని, ఎన్నోసార్లు ఓడి, చివరికి 14 గంటల 45 నిమిషాల్లో గెలిచిన మనిషి ఆయన. తర్వాత కోల్‌కతాలో స్థిరపడి, 1966 ఒక్క ఏడాదిలోనే పాక్ జలసంధి, జిబ్రాల్టర్, డార్డనెల్స్, బాస్ఫరస్, పనామా కాలువ ఈదారు.

ఘాట్ కథ పూర్తిగా ఎవరిదంటే ఆరతి సాహాది. 1940లో కోల్‌కతాలో పుట్టింది. చిన్నప్పుడే తల్లి పోయింది. నాలుగేళ్ల వయసులో బాబాయితో కలిసి చంపాతలా ఘాట్‌కు స్నానానికి వెళ్తూ నీళ్లలో చేతులాడించడం నేర్చుకుంది. బిడ్డ సరదా చూసి తండ్రి హాట్‌ఖోలా క్లబ్బులో చేర్చాడు. అక్కడ సచిన్ నాగ్ కంట్లో పడింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో 100 మీటర్ల ఈతలో బంగారు పతకం తెచ్చిన నాగ్ ఆయనే. పదకొండేళ్లకు ఆ పిల్ల హెల్సింకి ఒలింపిక్స్‌కు వెళ్లొచ్చింది.

బ్రజేన్ దాస్ గెలుపు విన్నాక ఆమెకు ఛానల్ మీద మనసు పడింది. మనసు పడితే చాలదు, డబ్బు కావాలి. ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ 11,000 రూపాయలు మంజూరు చేశారు. 1959 ఏప్రిల్‌లో దేశబంధు పార్కు చెరువులో జనం చూస్తుండగా ఆమె ఎనిమిది గంటలు ఆగకుండా ఈదింది.

ఆగస్టు 27. ఫ్రాన్సు ఒడ్డున గ్రీ నే అంతరీపం. అర్ధరాత్రి దాటాక ఛానల్ ఈత పోటీ మొదలైంది. ఆరతికి తోడుగా రావలసిన పడవ నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. నలభై నిమిషాలే కదా అనిపిస్తుంది. కానీ అవి ఆటుపోట్ల లెక్కలో నలభై నిమిషాలు. అనుకూలంగా ఉండాల్సిన ప్రవాహం ఆ మేరకు చేజారింది. పగలు పదకొండయ్యేసరికి ఇంగ్లండ్ తీరం ఇంకా అయిదు మైళ్లే ఉంది. అప్పుడు నీరు తిరిగింది. ఎదురుతిరిగిన ఆ నీళ్లతో సాయంత్రం నాలుగు దాకా పోరాడి ఆమె ముందుకు జరిగింది రెండు మైళ్లు మాత్రమే. పడవ నడిపేవాడి మాట విని పైకి ఎక్కక తప్పలేదు. హుగ్లీలో పోటుకు ఎదురీదిన ఏ పిల్లకైనా ఆ సాయంత్రం ఎలా గడిచి ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఇంటికి రాలేదు. నెల తిరగ్గానే సెప్టెంబరు 29న మళ్లీ దిగింది. చలి తగలకుండా ఒంటి నిండా గ్రీజు పూసుకుని దిగేవారు అప్పట్లో ఛానల్ ఈతగాళ్లు. చంపాతలా ఘాట్‌లో ఆవనూనె, గ్రీ నేలో గ్రీజు. 16 గంటల 20 నిమిషాల తర్వాత శాండ్‌గేట్ ఒడ్డున కాలు మోపింది. ఛానల్ తిన్నగా ఈదితే 21 మైళ్లు. ఆమె ఈదింది 42. ప్రవాహం ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగుతుంటే దారి పాములా వంకర్లు తిరుగుతుంది. ఆ వంకరంతా కలిపితే దూరం రెట్టింపు. అప్పటికి ఆమెకు పందొమ్మిదేళ్లు. ఛానల్ దాటిన తొలి ఆసియా మహిళ ఆమె. మరుసటి ఏడు పద్మశ్రీ వచ్చింది.

దూరపు ఈతను బెంగాల్ ఏటా జరిగే ఉత్సవంగా నిలుపుకున్నది మాత్రం కోల్‌కతాలో కాదు, ఎగువన ముర్షిదాబాద్‌లో. ఇదే నది అక్కడ భాగీరథి. జంగీపూర్ దగ్గరి అహిరన్ ఘాట్ నుంచి బహరంపూర్ గోరాబజార్ ఘాట్ దాకా 81 కిలోమీటర్లు. 1940ల నుంచి వస్తున్న పోటీ ఇది. ప్రపంచంలోకెల్లా పొడవైన నదీ ఈత పోటీ అని అక్కడివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. అక్కడిదాకా సముద్రపు పోటు రాదు. అందుకే ఆటు కోసం ఎదురుచూడరు, వరద కోసం చూస్తారు. పోటీ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పెట్టేది అందుకే. ఒక చిన్న లెక్క వేసి చూడండి. ముందు వచ్చేవాళ్లు పది పన్నెండు గంటల్లో ముగిస్తారు, అంటే గంటకు దాదాపు ఏడెనిమిది కిలోమీటర్లు. ఒలింపిక్స్ పది కిలోమీటర్ల ఈతలో మేటి ఈతగాళ్ల వేగం అయిదున్నర చుట్టుపక్కల ఉంటుంది. మిగతాది నది ఇచ్చేదే. 1975లో ఫరక్కా ఆనకట్ట మొదలయ్యాక గంగ నీరు కాలువ గుండా ఈ పాయలోకి వస్తోంది. హుగ్లీ జిల్లా అమ్మాయి బులా చౌధురి 1996లో ఈ 81 కిలోమీటర్లు గెలిచింది. ఆమె ఛానల్‌ను రెండుసార్లు దాటింది, 1989లో, 1999లో. భాగీరథి ఒడ్డునే ఉన్న కాల్నా నుంచి వచ్చిన సాయనీ దాస్ 2017లో ఛానల్ దాటి, ఆ తర్వాత మరెన్నో జలసంధుల్ని ఈదింది.

రైలు ప్రమాదంలో రెండు కాళ్లూ పోగొట్టుకున్న మసూదుర్ రహమాన్ బైద్య పేరు ఇక్కడ చెప్పకుండా ముందుకు పోలేను. 1997లో ఛానల్, 2001లో జిబ్రాల్టర్ దాటారాయన, చేతుల బలంతో.

కోల్‌కతా పిల్లలు ఇప్పుడు నేర్చుకునేది ఎక్కువగా చెరువుల్లో, కొలనుల్లో. హుగ్లీలో మురుగు ఉంది, ఫెర్రీలు, పడవల రాకపోకలు ఉన్నాయి. పిల్లల్ని అందులోకి పంపడానికి జంకే తల్లిదండ్రులను నేను తప్పుపట్టలేను. అయినా అహిరిటోలా దగ్గర పొద్దున పూట ఈదేవాళ్లు ఇంకా కనిపిస్తారు. మెట్ల మీద నిలబడి, దిగే ముందు నది వైపు ఒకసారి చూస్తారు. గుర్రపుడెక్క ఇంకా ఎగువకే పోతుంటే నూనె రాసుకుంటూ ఆగుతారు. గుత్తులు నిలిచి, వంతెన వైపు మళ్లాక దూకుతారు.